రోజుకి యాభై నిమిషాలు

ఆ వీధిలో ఆయన్ని పలకాయన అంటారు. పలకలు అమ్ముకునే మనిషి కాబోలు అనుకునేరు, కాదు. ఆయన చేసే పని ఆసుపత్రి దుప్పట్లు ఉతకడం, గంజి పెట్టడం, ఇస్త్రీ చెయ్యడం. పలక ముట్టుకుని పద్దెనిమిదేళ్లయింది. అయినా పలకాయనే. కొన్ని పేర్లు అంతే, ఎంత ఉతికినా వదలవు.

ఆ మంగళవారం పొద్దున ఆయన పెరట్లో బాన కింద పొయ్యి రాజేస్తుంటే ఫోను మోగింది. చూస్తే కూతురు. అంత పొద్దున్నే చేసే పిల్ల కాదు. ఏదో ఉందనుకుంటూనే తడి చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని ఎత్తాడు.

"నాన్నా, నీ నోటుబుక్కులు ఉన్నాయా ఇంకా?"

"ఏ నోటుబుక్కులు?"

"పలక లెక్కలవి. మంచం కింద పెట్టెలో ఉండేవి కదా."

"ఉండాలి మరి. ఆ పెట్టె తెరిచి ఎన్నేళ్లయిందో. ఎందుకు అమ్మలూ?"

ఆ పిల్ల రేవులో ఆటుపోట్ల ఆఫీసులో పనిచేస్తుంది. ఏ రోజు ఏ వేళకి నీళ్లు ఎంత ఎక్కుతాయో, ఎంత దిగుతాయో ఓడలవాళ్లకి ముందే లెక్కగట్టి ఇచ్చే ఆఫీసు అది. చేరి ఆరు నెలలైంది. వద్దని ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. బ్యాంకులో చేరు, బడిలో చేరు, ఆఖరికి బట్టల కొట్టు పెట్టుకో అన్నాడు. వింటేనా. తండ్రి పిచ్చి తండ్రితో పోతే బాగుండేది, పిల్లకి వచ్చింది.

"గురువారం గ్రహణం ఉంది నాన్నా," అంది. "మనకి కనపడదులే, పట్టపగలు. చంద్రుడు మన కాళ్ల కింద ఎక్కడో ఉంటాడు. పద్దెనిమిదేళ్ల పదకొండు రోజులకి తిరిగొచ్చే గ్రహణం అది. పోయినసారిది మనం చూశాం, నీ భుజాల మీద కూచుని చూశాను. దాని తేదీ వెతుకుతుంటే ఆ వారం ఫైలు దొరికింది. అమ్మ ఫైలు."

పలకాయన చేతిలోని పుల్ల పొయ్యిలో పెట్టకుండా కింద పెట్టేశాడు.

"పలక మీద రాసిన అయిదు రోజుల అంకెలూ అందులో ఉన్నాయి. రోజుకి సరిగ్గా యాభై నిమిషాలు. అయిదు రోజులూ యాభయ్యే. జ్వరంలో మనిషి తప్పు చెప్తే అంకెలు చిందరవందరగా ఉండాలి కదా. ఇవి ఎవరో కుదురుగా కూచుని కలిపినట్టున్నాయి. చిన్నపిల్ల ఎవరో కలిపినట్టున్నాయి. నాకు పది రోజుల్నుంచి నిద్ర లేదు నాన్నా. ఆఫీసులో ఒక్క అంకె వెయ్యాలన్నా చెయ్యి రావట్లేదు. నీ పాత లెక్కలు చూస్తే తెలిసిపోతుంది, నువ్వు ఎలా వేసేవాడివో. గురువారం వస్తాను."

ఫోను పెట్టేసింది. ఈలోగా పొయ్యి ఆరిపోయింది. మళ్లీ వెలిగించాలన్న సంగతి ఆయనకి చాలాసేపు తోచలేదు.

వెనకటి సంగతి చెప్పకపోతే ఈ గొడవ మీకు అంతుపట్టదు. ఊరికీ దిబ్బకీ మధ్య సముద్రంలో రాళ్ల దారి ఒకటి ఉండేది. దిబ్బ మీద ఆసుపత్రి. నీళ్లు దిగినప్పుడు ఒక నాలుగు గంటలు దారి బయటపడుతుంది, తర్వాత మునిగిపోతుంది. ఒడ్డున చిన్న గది, ఆ గది గోడకి మనిషెత్తు నల్లపలక. దాని మీద ఆయన రోజూ పొద్దున్నే రెండు అంకెలు రాసేవాడు, దారి తెరుచుకునే వేళ, మూసుకునే వేళ. డాక్టర్లు, నర్సులు, రోగుల్ని చూడ్డానికి పోయే చుట్టపక్కాలు, అందరూ ఆ పలక చూసే దారి మీద కాలు పెట్టేవాళ్లు. ఇరవై రెండేళ్లలో ఒక్కరి చెప్పు కూడా తడవలేదు.

ఇందులో అంత విద్య ఏముంది, చంద్రుడు రోజుకి యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాడు, నీళ్లూ ఆయన వెనకే, నిన్నటి అంకెకి యాభై కలిపితే సరి అనిపిస్తుంది ఎవరికైనా. అక్కడే ఉంది తిరకాసు. యాభై అనేది మొత్తం మీద సగటు. పున్నమికీ అమావాస్యకీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో నిలబడి లాగుతారు, అప్పుడు నీళ్లు తొందరపడతాయి, రోజుకి నలభై నిమిషాలు కూడా వెనకబడవు. సగం చంద్రుడి రోజుల్లో ఒకరు ఇటూ ఒకరు అటూ లాగుతారు, అప్పుడు బద్ధకిస్తాయి, గంట దాటిపోతుంది. పలకాయన రేవు ఆఫీసు పుస్తకం చూసుకుని, తన కళ్లతో చూసిందీ, వీచే గాలీ కలుపుకుని రాసేవాడు. ఏం రాశాడో, నీళ్లు నిజంగా రాయిని ఎప్పుడు తాకాయో నోటుబుక్కులో ఎక్కించేవాడు. ఏడాదికో పుస్తకం. ఆయనకి ఆస్తంటూ ఉంటే అవే.

దుప్పట్ల పని అప్పట్లో ఆయన భార్యది. ఉతికిన మూట తీసుకుని దారి తెరిచాక వెళ్లేది, మాసినవి తీసుకుని మూసేలోపు వచ్చేది. నోరు ఊరుకునే మనిషి కాదు. "మీ చందమామ మీద పెట్టిన ధ్యాసలో పావలా వంతు పొయ్యి మీద పెడితే పాలు పొంగవు," అనేది. ఆయన రాసుకునే నోటుబుక్కులో, అంకెల పక్కన ఖాళీ కనపడితే చాలు, ఆవిడ కూడా ఏదో ఒకటి గీకేది.

ఆ గ్రహణం తెల్లవారుజామున పట్టింది. పిల్లకి ఎనిమిదేళ్లు. చంద్రుడు రాగి చెంబు రంగులో సముద్రం మీదికి దిగుతుంటే ఆయన దాన్ని భుజాల మీద ఎక్కించుకుని ఒడ్డున నిలబడ్డాడు. అది మన నేల నీడే అని చెప్తే, తనూ నేల మీదే ఉంది కాబట్టి తన నీడ కూడా పడుతుందని ఆ పిల్ల చెయ్యి ఎత్తి చాలాసేపు ఊపింది. "నా చెయ్యి కనపడట్లేదేం నాన్నా," అంది. "నువ్వింకా పెరగాలి," అన్నాడు.

"రేపు ఎప్పుడొస్తాడు?"

"ఇవాళ్టికంటే యాభై నిమిషాలు ఆలస్యంగా."

"రోజూనా?"

"రోజూ."

ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడో. పిల్లకి సగటూ సవరణా ఎందుకులే అనుకున్నాడు. చలిగాలికి శాలువా దానికి కప్పి తను వట్టి చొక్కాతో నిలబడ్డాడు. ఆ పొద్దున పలక మీద ఎనిమిదీ ఇరవై అని ఆయనే రాశాడు. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. అయిదు రోజులు పగలేదో రాత్రేదో తెలియలేదు.

నాన్నని లేపొద్దని తల్లి చెప్పింది. లేపకుండా పలక ఎలాగ? పిల్ల పొద్దున్నే వెళ్లి, నిన్నటి అంకెకి యాభై కలిపి, కుర్చీ ఎక్కి రాసి వచ్చేది. "నాన్న చెప్పాడా అంకెలు?" అని తల్లి అడిగితే "ఆ" అనేది. లేపావా అని తిడుతుందన్న భయం కూడా లేదు, పెద్దపని చేస్తున్నానని దానికి సంబరం. అయిదో రోజుకి తేడా నలభై ఎనిమిది నిమిషాలైంది. పలక మీద దారి మూసుకునేది నాలుగున్నరకి. నీళ్లు లెక్క ప్రకారం మూడూ నలభై రెండుకే వచ్చాయి. ఆవిడ మూట భుజానేసుకుని నాలుగింటికి పావుగంట ముందు ఆసుపత్రి నుంచి బయల్దేరింది. అటు ఒడ్డూ ఇటు ఒడ్డూ పొడిగానే ఉన్నాయి. దారి మధ్యలో పల్లం, నీళ్లు ముందు అక్కడికే వస్తాయి. పడవవాడు దూరం నుంచి కేకలేశాడట. ఆవిడ చెయ్యి ఊపి, మా ఆయన రాసింది తప్పదు అన్నట్టు నడిచిందట. ఒడ్డు చేరలేదు.

ఆ రాత్రి జ్వరం దిగిన కళ్లతో ఆయన పిల్లని అడిగాడు, అంకెలు ఎవరు చెప్పారు అని. "నిన్ను లేపలేదు నాన్నా. యాభై యాభై కలిపాను," అంది. అది ఏం చేసిందో దానికి తెలియదు. ఆయనకి తెలిసింది.

విచారణకి వచ్చినవాళ్లు అడిగితే "నావే అంకెలు. మంచంలోంచి నేనే చెప్పాను, పిల్ల రాసింది," అన్నాడు. ఉద్యోగం పోయింది. వదిన, అంటే ఆవిడ అక్క, వెనక వీధిలోనే ఉంటుంది, ఆ రోజు నుంచి ఈ గుమ్మం తొక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తర్వాత వంతెన కట్టారు. పిల్ల మాత్రం మొదట్లో "లేదు నాన్నా, నువ్వు నిద్రపోతున్నావు కదా," అనేది. "నువ్వు మర్చిపోయావు. నేను చెప్పాను, నువ్వు రాశావు," అనేవాడు. అన్నం పెడుతూ అనేవాడు, జడ వేస్తూ అనేవాడు. రెండేళ్లకి అది కూడా అలాగే చెప్పడం మొదలుపెట్టింది. వంద అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. ఈయన ఒకే అబద్ధాన్ని వందసార్లు ఆడి ఒక పిల్లని పెంచాడు.

ఇప్పుడు ఆ పిల్ల గురువారం వస్తుంది. నోటుబుక్కు ఏది తెరిచినా చాలు, ఇలా లెక్క వేసే మనిషి పున్నమి వారంలో యాభై కలపడని దానికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలిస్తే ఏమవుతుందో ఆయన చూడగలడు. పది రోజుల అనుమానానికే చెయ్యి రావట్లేదంది. రూఢి అయితే ఆ చెయ్యి ఇంక జన్మకి లేవదు.

బుధవారం మధ్యాహ్నం పెట్టె పెరట్లోకి లాక్కొచ్చాడు. బానలో నీళ్లు పోసి, దుప్పట్లు పడేసి, ఒక్కో పుస్తకం పొయ్యిలో పెట్టాడు. అంకెలు మాత్రమే ఉంటే ఇంత కష్టమయ్యేది కాదు. ప్రతి పుస్తకంలో పక్కన ఆవిడ రాత ఉంది. 'ఇవాళ పిల్ల నాలుగడుగులు వేసింది.' 'ఈయన మళ్లీ అన్నం మర్చిపోయాడు, సముద్రం పెడుతుంది కాబోలు.' 'నాకు ఒంట్లో బాగాలేదు, ఎవరికీ చెప్పలేదు.' ఆ చివరిది ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆవిడ రాత ఉన్న ముక్కలు చింపి దాచుకుందామా అనుకున్నాడు. ప్రతి ముక్కకీ వెనక అంకెలున్నాయి. పిల్ల కంట పడితే మళ్లీ మొదటికొస్తుంది. పైకి చదివి ఒక్కోటీ నిప్పులో పెట్టాడు. చదివేటప్పుడు ఏడ్చాడు, ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాడు. నీళ్లు మాత్రం బాగా మరిగాయి, దుప్పట్లు తెల్లగా వచ్చాయి.

గురువారం పిల్ల వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. కళ్ల కింద నల్లగా ఉంది. సంచి దించి, తీగ మీద దుప్పటి రెండో కొస పట్టుకుంది. చిన్నప్పటి అలవాటు. ఇద్దరూ సాగదీశారు, దులిపారు, మడతకి దగ్గరికి నడిచారు. కొసలు కలిపి చేతికిస్తూ ఎదురెదురుగా నిలబడ్డప్పుడు అడిగింది.

"నోటుబుక్కులు తీశావా?"

"చెదలు కొట్టేశాయి అమ్మలూ. నిన్న తెరిచి చూస్తే పిండి పిండి. పొయ్యిలో పడేశాను."

"ఒక్కటి కూడా మిగల్లేదా?"

"ఒక్కటీ లేదు."

దుప్పటి మీద చెయ్యి రాస్తూ నిలబడింది. "అయితే నువ్వే చెప్పు. ఆ వారం అంకెలు ఎవరివి?"

"నావే. ఎన్నిసార్లు చెప్పాను."

"నువ్వు ఇరవై రెండేళ్లు చేసినవాడివి. యాభై ఎలా కలుపుతావు?"

"అందరూ అలాగే కలుపుతారు."

"ఎవరూ అలా కలపరు నాన్నా." లోపలికి నడిచి, బల్ల ముందు కుర్చీ లాగి, సంచిలోంచి కాగితం, పెన్సిలు తీసి పెట్టింది. "కూచో. పున్నమి. దారి తెరిచేది ఎనిమిదీ ఇరవై. అయిదు రోజులకి వెయ్యి. నా ముందు వెయ్యి."

పలకాయన కూచున్నాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత పెన్సిలు పట్టుకున్నాడు. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది, మనం చెప్పేదాకా ఆగదు. మొదటి రోజు ముప్పై ఎనిమిది కలిపితే ఎనిమిదీ యాభై ఎనిమిది. ఆయన అనుకునేలోపే పెన్సిలు ఎనిమిది అంకె వేసేసింది. కూతురు ముందుకి వంగింది.

"కళ్లు ఆనట్లేదే," అంటూ దాన్ని కొట్టేశాడు. పక్కన తొమ్మిదీ పది అని రాశాడు. తర్వాత పది. తర్వాత పదీ యాభై. పదకొండూ నలభై. ప్రతి అంకె దగ్గరా సరైనది ఏదో మనసులో మెరుస్తూనే ఉంది, ఆయన తప్పుది రాస్తూనే ఉన్నాడు. చివర పన్నెండున్నర అని రాసి కాగితం తిప్పి ఆమె వైపు జరిపాడు.

ఆమె ఫైలు కాగితం తీసి పక్కన పెట్టుకుని ఒక్కో అంకెకీ వేలు ఆనించింది. అన్నీ కలిశాయి.

"ఎప్పుడూ ఇలాగేనా?"

"ఎప్పుడూ ఇలాగే. పక్షానికోసారి పుస్తకం చూసి సరిచేసుకునేవాణ్ణి. ఆ పక్షం జ్వరంలో పడి చూసుకోలేదు."

"నేను కాదన్నమాట," అంది. అని బల్ల మీద తల వాల్చేసింది. వీపు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. ఆయన తల మీద చెయ్యి వేసి నిమిరాడు. గోడ గడియారంలో ఒంటిగంట అవుతోంది. ఎక్కడో ఎవరి నెత్తి మీదో చంద్రుడు ఎర్రబడే ఉంటాడు. గండం గడిచింది అనుకున్నాడు పలకాయన.

ఆమె తలెత్తి, ముక్కు తుడుచుకుని, కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఈసారి చాలాసేపు చూసింది.

"పున్నమి వారంలో యాభై కలపకూడదని మాకు చేరిన మూడోరోజే చెప్పారు. నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పే ఉంటారు. పట్టించుకోలేదు."

"మరి ఇరవై రెండేళ్లు ఎవరికీ ఏమీ కాలేదే."

"అదృష్టం," అన్నాడు.

"అదృష్టం." ఆమె లేచి నిలబడింది. "పెద్దమ్మతో ఇన్నేళ్లు నీ తరఫున పోట్లాడాను. జ్వరం వస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు, నాన్న తప్పేముంది అని. జ్వరం కాదన్నమాట. బద్ధకం. ఒళ్లు బాగున్న రోజుల్లో కూడా నువ్వు అందర్నీ అలాగే నడిపించావన్నమాట."

ఆయన బల్ల మీది పెన్సిలు తీసి ఆమె సంచి పక్కన పెట్టాడు.

"పడవవాడు పిలిచినా వినలేదు అమ్మ. కళ్లముందు నీళ్లు కనపడుతున్నా నమ్మలేదు. నిన్ను నమ్మింది."

"అన్నం వండాను అమ్మలూ. తిని మాట్లాడు."

"నా వల్ల కాదు నాన్నా."

కుళాయి దగ్గర మొహం కడుక్కుని, కాగితాలు రెండూ సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగింది. "కొన్నాళ్లు రాను. ఫోను చెయ్యకు. చెయ్యగలిగినప్పుడు నేనే చేస్తాను."

"ఇవాళ నిద్ర పడుతుందా?" అని అడిగాడు పలకాయన.

ఆమె ఆలోచించింది. "పడుతుంది."

రెండు మెట్లు దిగి మళ్లీ వెనక్కి తిరిగింది. కళ్లలో కోపం అలాగే ఉంది, గొంతు మాత్రం కాస్త మెత్తబడింది. "ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. నీకు గుర్తులేదని అనొచ్చు. నేనే కలిపానని నా మీదకి తోసేసినా నమ్మేదాన్ని, నమ్మడానికి సిద్ధపడే వచ్చాను. నువ్వు అబద్ధం చెప్పలేదు. ఆ ఒక్కటే మిగిలింది నాకు, నీ గురించి చెప్పుకోడానికి."

"జాగ్రత్తగా వెళ్లు అమ్మలూ," అన్నాడాయన. ఆమె మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.